వెదుళ్ళపాటి వారి పరివట్టం

వెదుళ్ళపాటి గంగాధరరావుగారి లెక్కలో మనుషులు రెండు రకాలు. వెదుళ్ళపాటివారు, మిగతావారు. మొదటి రకం మావిళ్ళలంకలో రెండు గడపలకు తగ్గిపోవడం ఆయన జీవితంలో పెద్ద బాధ. ఒక గడప ఆయనది. రెండోది పోయిన తమ్ముడిది. ఆయనకు మగపిల్లలు లేరు. ఒక్కగానొక్క కూతురు సత్యవేణికి గోదావరి అవతల ఆలమూరు వైపు నుంచి వల్లూరి రాజబాబు అనే కుర్రాణ్ణి చూసి, ఇల్లరికం తెచ్చుకున్నారు. ఏరికోరి తెచ్చుకున్నది ఆయనే. తెచ్చుకున్నాక మనసొప్పనిది కూడా ఆయనకే.

రాజబాబులో వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే ఆయనకు వచ్చిన ఇబ్బంది. తాగడు, పేకాడడు, ఎదురు చెప్పడు. పీయూసీ దాకా చదివి కూడా తెల్లారేసరికి తోటలో ఉంటాడు. కొబ్బరి దింపులూ, వరి కోతలూ, కూలీల తగువులూ అన్నీ అతనే చూసుకుంటాడు. పెళ్ళయి పదేళ్ళు దాటినా అతన్ని ఏమని పిలవాలో గంగాధరరావుగారు తేల్చుకోలేకపోయారు. "నువ్వు" అంటే ఊరు తప్పు పడుతుంది. "మీరు" అనడానికి నోరు రాదు. అందుకని ఏం చెప్పాలన్నా వసారాలో స్తంభానికి చెప్పేవారు.

"దింపులవాళ్ళు వచ్చేరేమో చూస్తే బావుండును," అనేవారు స్తంభం వంక చూసి.

"ఆయ్," అని స్తంభం పక్కనున్న రాజబాబు వెళ్ళేవాడు.

అలాగని అతన్ని బొత్తిగా పరాయివాణ్ణి చేశారనుకోకూడదు. తన ఇంటి నెంబరు కింద ఇంకో ఇంటిపేరు కనపడడం ఇష్టం లేక, రేషన్ కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ "వెదుళ్ళపాటి రాజబాబు" అని రాయించేశారు. రాయించేటప్పుడు అతన్ని అడగలేదు. అడగాల్సిన సంగతని ఆయనకు తోచలేదు.

ఇదంతా ఎలాగో సాగిపోయేదే. చిక్కల్లా పరివట్టం దగ్గర వచ్చింది.

మావిళ్ళలంక శివాలయంలో ఏటా స్వామివారి కల్యాణం నాడు, తలంబ్రాలు కాగానే, దేవుడి పాదాల దగ్గర పెట్టిన పట్టుగుడ్డ తీసి వెదుళ్ళపాటివారి పెద్ద తలకు చుడతారు. అదే పరివట్టం. అది చుట్టాకే ఊళ్ళో ఎవరికైనా తీర్థం. పాత పాక గుడి తీసేసి రాతిగుడి కట్టించిన పెద సూరయ్యగారి కంటే ముందు నుంచీ వస్తున్న మర్యాద ఇది. ఆ సూరయ్యగారు గంగాధరరావుగారి ముత్తాత. ఏడాదికి ఒక్కసారి, పావుగంట సేపు తలమీద ఉండే ఆ గుడ్డ కోసం గంగాధరరావుగారు మిగతా ఏడాదంతా బతికేవారంటే అతిశయోక్తి కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళ్తే డాక్టర్లు బాగు చేసి పంపారు గానీ ఆయనకు బెంగ పట్టుకుంది. తన తర్వాత ఆ గుడ్డ ఎవరి తలకి? ఊరంతా రాజబాబుకే అనుకుంటోంది. గంగాధరరావుగారికి మాత్రం తమ్ముడి కొడుకు అంజిబాబు కనిపించాడు. అంజిబాబు అమలాపురంలో సైకిల్ షాపు పెట్టి ఎత్తేశాడు, తర్వాత సోడా మిషను పెట్టి ఎత్తేశాడు. అయినా వెదుళ్ళపాటివాడు.

"కాయితాల్లో వెదుళ్ళపాటి రాజబాబు అని మీరే రాయించేరు," అంది ఆయన భార్య అమ్మాజీ. "గుళ్ళోకొచ్చేసరికి వెదుళ్ళపాటి కాడంటున్నారు. రెండిట్లో ఏదో ఒకటి తేల్చండి. అవతల సత్యవేణి అన్నం మానేసి కూర్చుంది."

"రేషన్ కార్డు వేరు, దేవుడు వేరు," అన్నారాయన.

గుడి వ్యవహారాలు చూసే ఆఫీసరు మాత్రం మర్యాదగానే చెప్పాడు. "వారసత్వపు హక్కు కదండీ, మీ ఇష్టమూ కాదు, మా ఇష్టమూ కాదండి. మీ వంశంలో ఆడపిల్ల తరఫున ఎప్పుడూ పోలేదని పాత కాయితాలేమైనా చూపించండి, అలాగే రాసేస్తాం."

కాయితాలనగానే గంగాధరరావుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వీలునామాలు, దావాలు, డిక్రీలు వెదుళ్ళపాటివారికి కొత్తా! వాళ్ళు బంగారం కంటే ముందు కోర్టు చూసినవాళ్ళని ఆయనకు గొప్ప. వెంటనే బయల్దేరదామన్నారు. అయితే ఆయన కళ్ళకు శుక్లాలు. పాత గొలుసుకట్టు రాత గానీ, ఇంగ్లీషు గానీ చదివిపెట్టే మనిషి తోడు ఉండాలి. అంజిబాబును అడిగితే ఆ వారం అమలాపురంలో కొత్త సినిమా వస్తోంది, కుదరదన్నాడు. ఇంకెవరున్నారు? గంగాధరరావుగారు స్తంభం వంక చూశారు.

"రాజమండ్రి దాకా ఎవరైనా వస్తే బావుండును."

"ఆయ్," అన్నాడు రాజబాబు.

అలా, తనకు రావలసిన మర్యాదను తనకు రాకుండా చెయ్యడానికి కావలసిన కాయితాలు వెతికిపెట్టడానికి రాజబాబు మామగారి సంచీ పట్టుకుని బయల్దేరాడు. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటి ఎక్కి, కోటిపల్లిలో దిగి, రాజమండ్రి బస్సు పట్టుకున్నారు. ఎందుకెళ్తున్నారో రాజబాబుకు తెలుసు. తెలుసని గంగాధరరావుగారికీ తెలుసు. బస్సులో మామగారికి కిటికీ పక్క సీటు ఇచ్చి, తను నిలబడ్డాడు.

జిల్లా కోర్టు రికార్డు గదిలో అర్జీ పెట్టి, మళ్ళీ మళ్ళీ తిరిగి, వాయిదాల మీద వాయిదాలు వేయించుకుని, ఆఖరికి ఒక కట్ట సంపాదించారు. పద్దెనిమిది వందల డెబ్భై ఒకటి నాటి దావా. రాజబాబు దుమ్ము దులిపి మొదటి కాయితం చదవడం మొదలుపెట్టాడు. వాదులు వెదుళ్ళపాటి వీరన్న, ఆయన తమ్ముడు. ప్రతివాది మంగమ్మ, చనిపోయిన వెదుళ్ళపాటి రామన్న కూతురు. రామన్నకు మగసంతానం లేనందున ఆయన భూములూ, స్వామివారి మర్యాదా అన్న కొడుకులమైన మాకే చెందాలి గానీ, కూతురికీ, దాని మొగుడికీ చెందరాదని వీరన్న దావా.

"వెదుళ్ళపాటి వీరన్న!" గంగాధరరావుగారు ఆ పేరు నోట్లో చప్పరించి చూసుకున్నారు. పెద సూరయ్యగారి తండ్రి పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంక ఈయనే అయ్యుండాలి. వెదుళ్ళపాటి వంశం నిలబెట్టడం కోసం కోర్టుకెక్కినవాడు తన వంశకర్త కాకపోతే ఇంకెవరి వంశకర్త అవుతాడు? ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తర్వాతేముందో చదివితే బావుండును."

రాజబాబు చదివాడు. "సదరు మంగమ్మ భర్త కూటికి లేక ఏరు దాటి వచ్చినవాడు. ఒకరి గడపలో తిని, ఒకరి మంచం మీద పడుకొనువాడు. అటువంటి వానికి స్వామివారి పరివట్టము చుట్టుట మా వంశమునకు తలవంపు గనుక…"

రాజబాబు కూడా ఏరు దాటి వచ్చినవాడే. ఆ వాక్యం దగ్గర అతని గొంతు ఏమైనా మారుతుందేమోనని గంగాధరరావుగారు చెవి అటు పెట్టారు. మారలేదు.

"ఆ ముక్క ఇంకోసారి వింటే బావుండును," అన్నారు.

రాజబాబు ఇంకోసారి చదివాడు. కామాలూ చుక్కలతో సహా మొదటిసారి చదివినట్టే చదివి, పేజీ తిప్పబోయాడు. "వెనకాల ఇంగ్లీషులో ఇంకా ఉందండి మావయ్యగారూ…"

"చాలు, చాలు. కావలసింది దొరికింది," అని గంగాధరరావుగారు కట్ట మూయించేశారు. దావా ఒక్కదానికే నకలు రాయించి, సీలు వేయించుకుని, దాన్ని కండువాలో చుట్టుకుని ఇంటికి వచ్చారు.

ఇక ఆ ఏడంతా మావిళ్ళలంకలో వీరన్నగారి రోజులు. క్షవరం చేయించుకుంటూ, కాఫీ తాగుతూ, చేలో గట్టు మీద నిలబడి, గంగాధరరావుగారు వీరన్నగారి గురించే చెప్పేవారు. చెప్పే కొద్దీ వీరన్నగారు పొడుగయ్యారు. ఆయనకు మీసాలు వచ్చాయి. ఒక గుర్రం కూడా వచ్చింది. గుడి అరుగు మీద పెట్టించడానికి "శ్రీ వెదుళ్ళపాటి వీరన్నగారి జ్ఞాపకార్థం" అని నల్లరాతి పలక చెక్కించారు. దాన్ని రాజమండ్రి నుంచి పంటి మీద మోసుకొచ్చింది రాజబాబే.

సత్యవేణి తండ్రితో మాట్లాడడం మానేసింది. మొగుడితో మాత్రం మాట్లాడింది. "మిమ్మల్ని తిట్టిన తిట్లు మీ చేతే చదివించుకున్నారట. చదివేశారా?"

"నన్ను కాదు కదే, ఆ మంగమ్మగారి ఆయన్ని," అన్నాడు రాజబాబు. "పాపం, ఆయన పేరైనా రాయలేదు."

అమలాపురంలో పురుషోత్తంగారని సివిల్ ప్లీడరు. వెదుళ్ళపాటివారి దావాలు చూసి చూసి జుట్టు నెరిసినవాడు. ఆయన చేత గంగాధరరావుగారు అర్జీ రాయించారు. వీరన్నగారి మాటలే అందులోకి దించారు. మా వంశంలో ఆడపిల్ల ద్వారా గుడి మర్యాద ఎన్నడూ పోలేదు, పోరాదు, మా పూర్వీకులు వీరన్నగారు వందేళ్ళ కిందటే ఈ సంగతి కోర్టులో చాటి చెప్పారు, అని. అర్జీ వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. చాటి చెప్పారు సరే, కోర్టువారు ఏమన్నారు?

గంగాధరరావుగారికి ఆ ప్రశ్న అమర్యాదగా తోచింది. పురుషోత్తంగారు మాత్రం ఆ కాయితం చూసి కుర్చీలోంచి లేచిపోయారు.

"మీరు తీర్పు చూడకుండా దావా నకలు పట్టుకొచ్చేరా? నేనూ మిమ్మల్ని నమ్మి సంతకం పెట్టించేనే!"

"మనవాళ్ళు వేసిన దావా కదండీ. నెగ్గకేం చేస్తారు?"

"దావా వేసిన ప్రతివాడూ నెగ్గేటట్టయితే నాలాంటోళ్ళం ఎందుకండీ!"

ఎండలు ముదిరినందున ఈసారి గంగాధరరావుగారు ప్రయాణం కట్టలేదు. రాజబాబు ఒక్కడే రాజమండ్రి వెళ్ళి తీర్పు నకలు రాయించాడు. పురుషోత్తంగారు చెప్పిన ప్రకారం రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించి, పాత వీలునామా ఒకటి కూడా నకలు తీయించాడు. రెండూ తెచ్చి, ప్లీడరుగారి వరండాలో మామగారి ఎదురుగానే ఆయన చేతికిచ్చి, పక్కన నిలబడ్డాడు.

పురుషోత్తంగారు కళ్ళజోడు సర్దుకుని లోలోపల చదువుకున్నారు. ఒకసారి గంగాధరరావుగారి వంక చూశారు. మళ్ళీ చదువుకున్నారు.

"వీరన్నగారి దావా కొట్టేసేరండి," అన్నారు. "ఖర్చులతో సహా. ఈ ప్రాంతపు రైతు కుటుంబాల్లో ఇల్లరికపు అల్లుడు కొడుకుతో సమానమని సాక్షులు చెప్పేరట. భూములూ మంగమ్మకే, గుడి మర్యాదా ఆవిడ భర్త అచ్చన్నకే అన్నారు జడ్జి దొరగారు. వీరన్నా, తమ్ముడూ ఊరొదిలిపెట్టి పోయేరట."

"పోవడమేంటండీ? వీరన్నగారు పోతే మేమెలా వచ్చేం?"

పురుషోత్తంగారు రెండో కాయితం తీశారు. మంగమ్మ వీలునామా. ఇది తెలుగే కనుక పైకే చదివారు. "నా కొమారుడు సూరయ్యకు నా యావదాస్తీ దఖలు పరుచుచున్నాను. అతడు పాకలోనున్న స్వామివారికి రాతిగుడి కట్టింపవలెను. నా భర్త అచ్చన్న ఏరు దాటి వచ్చి, తన ఇంటిపేరు విడిచి, మా తండ్రిగారి ఇంటిపేరు పెట్టుకొని, ఈ నేల నిలబెట్టినాడు. ఆయన విడిచిన పేరు నేను అడుగలేదు. ఆయన చెప్పలేదు."

గంగాధరరావుగారు వేళ్ళ మీద లెక్క కట్టుకున్నారు. గుడి కట్టించిన సూరయ్య మంగమ్మ కొడుకు. మంగమ్మ మొగుడు కూటికి లేక ఏరు దాటి వచ్చినవాడు. ఇంటింటా చెప్పుకున్న మీసాల వీరన్నగారు తనకేమీ కాడు. ఆయన తిట్టిన తిట్లన్నీ తన ముత్తాత తండ్రికి తగిలాయి. ఆ తిట్లను రెండుసార్లు చదివించుకుని ఆనందించింది తనే.

"ఇంకో చిన్న సంగతండి," అన్నారు పురుషోత్తంగారు. "ఆడపిల్ల తరఫున మర్యాద పోరాదని మీరే అర్జీలో రాసేరు. దాన్ని ఒప్పుకుంటే ముందు ఊడేది మీ పరివట్టం. అంజిబాబుదీ అదే దారి."

గంగాధరరావుగారికి కోపం రావలసి ఉంది కనుక వచ్చింది. ఎవరిమీద పడాలో తెలియక రాజబాబు మీద పడ్డారు. ఈసారి వరండాలో స్తంభం లేదు. పైకప్పు వంక చూసి, "తీర్పు అక్కడే ఉంటే అప్పుడే చదివి చెప్పొచ్చుగా!" అన్నారు.

"చదవబోయేనండి. చాలన్నారండి," అన్నాడు రాజబాబు.

అర్జీ వెనక్కి తీసుకున్నారు. వీరన్నగారి నల్లరాయి నూతి దగ్గర బోర్లా పడింది. దానిమీద అమ్మాజీ బట్టలుతికిస్తూ, వచ్చినవాళ్ళందరికీ రాయి భలే నున్నగా ఉందని చెప్పేది.

ఇంకొకడైతే కొన్నాళ్ళు తల దించుకునేవాడు. గంగాధరరావుగారికి అది చేతకాదు. నెల తిరక్కుండా క్షవరం చేయించుకుంటూ కొత్త కథ మొదలుపెట్టారు. "మాది ఇల్లరికపు వంశం. కోర్టువారే ఒప్పుకున్నారు. అచ్చన్నగారని మా మూలపురుషుడు, ఒంటి మీది పంచెతో ఏరు దాటి వచ్చేడు. ఆ రోజుల్లో అలాంటి మగాళ్ళుండేవారు." గుర్రం కూడా వీరన్నగారి దగ్గర్నుంచి అచ్చన్నగారికి మారింది. ఏరు దాటడానికి గుర్రమెందుకని అడిగే ధైర్యం మంగలికి లేదు.

కానీ ఒకటి మాత్రం ఆయన్ను లోపల్లోపల తినేసింది. అచ్చన్న ఇంటిపేరేమిటి? అరవై ఏళ్ళు దాటాక తన అసలు ఇంటిపేరు తనకు తెలియదని తెలిసింది. వెదుళ్ళపాటి అనేది అచ్చన్నకు భార్య తరఫున దొరికిన పేరు. మిగతావారు అని ఇన్నాళ్ళూ ఎవరినైతే అన్నారో, వాళ్ళలో తనూ ఒకడు. ఆ పేరు పట్టుకోవాలని మళ్ళీ తిరిగారు. ఆలమూరు వెళ్ళారు, కొత్తపేట వెళ్ళారు, రాజమండ్రి రికార్డు గదికి మళ్ళీ వెళ్ళారు. ఏ పాత వీలునామాలో ఏ అచ్చన్న తగిలినా ఇతనేనేమోనని ఇంకోసారి చదివించుకునేవారు. ఒక అచ్చన్న చిన్నప్పుడే పోయాడు. ఒక అచ్చన్న కాశీ వెళ్ళాడు. తమవాడు మాత్రం ఎక్కడా లేడు. ఏరు దాటేటప్పుడు పేరు ఒడ్డున వదిలేసి వచ్చాడు, దాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. ఆ ముసలాయన మీద గంగాధరరావుగారికి నిజంగానే జాలేసింది. ఇంత ఆస్తి నిలబెట్టినవాడికి కాయితం మీద ఒక్క ముక్క ఇంటిపేరు లేకపోవడమేమిటని రాత్రిళ్ళు అమ్మాజీని లేపి అడిగేవారు.

"మీకిప్పుడు తెలిసిందా?" అనేది అమ్మాజీ, అటు తిరిగి పడుకుని.

ఈ తిరుగుళ్ళన్నిటికీ సంచీ పట్టుకుని వెళ్ళింది రాజబాబే. చదివింది అతనే. లేదండి, ఇందులోనూ లేదండి, అని చెప్పిందీ అతనే.

ఆఫీసుకు కొత్త అర్జీ వెళ్ళింది. మా వంశాచారం ప్రకారం ఇల్లరికపు అల్లుడు కొడుకుతో సమానం, నా తర్వాత పరివట్టం వెదుళ్ళపాటి రాజబాబుకు చెందాలి. తీర్పు, వీలునామా జత చేశారు. ఈసారి ప్రశ్నలేమీ రాలేదు. ఆర్డరు వచ్చింది. సత్యవేణి తండ్రికి స్వయంగా కాఫీ తెచ్చిచ్చింది. అన్ని వ్యవహారాలూ తను అనుకున్నట్టే జరిగాయని గంగాధరరావుగారు నమ్మడం మొదలుపెట్టారు. అల్లుడి తల మీదైనా, గుడ్డ వెదుళ్ళపాటివారి పేరనే ఉంటుంది. అచ్చన్నతో నడిచిన పద్ధతి రాజబాబుతో నడుస్తుంది.

ఆ ఏడు కల్యాణానికి పందిరి గుడి బయటి దాకా వచ్చింది. తలంబ్రాలు అయ్యాయి. పూజారి గౌరీశంకరంగారు పట్టుగుడ్డ పళ్ళెంలో పెట్టుకుని వస్తే, గంగాధరరావుగారు లేచి, జనమంతా వినేలా, "ఈ ఏటి నించి మా అల్లుడుగారికండీ," అన్నారు. ఊరు సంతోషించింది. అంజిబాబు కూడా చప్పట్లు కొట్టాడు, అతనికి ఎప్పుడూ ఆ గుడ్డ మీద మోజు లేదు.

రాజబాబు వచ్చి ముందు కూర్చున్నాడు. గౌరీశంకరంగారు వెదుళ్ళపాటివారి గోత్రం చెప్పి సంకల్పం అందుకున్నారు. "వెదుళ్ళపాటి రాజబాబు నామధేయస్య…"

"వల్లూరి అండి," అన్నాడు రాజబాబు.

మేళం ఆగింది. ఆయ్ అనడం తప్ప ఆ గుళ్ళో అతని గొంతు ఎవరూ ఎరగరు.

"వల్లూరి రాజబాబు అని చదవండి గౌరీశంకరంగారూ," అన్నాడు మళ్ళీ, నెమ్మదిగానే. తర్వాత మామగారి వైపు తిరిగాడు. "మీకు కష్టంగా ఉంటే కట్టించొద్దండి మావయ్యగారూ, నేనేమీ అనుకోనండి. అచ్చన్నగారి పేరు కోసం మీ వెంట ఎన్ని చోట్ల తిరిగేనో మీకు తెలుసు. దొరకలేదు. నా పేరు కోసం రేపెవరూ అలా తిరగక్కర్లేదండి."

ఏ పేరు నిలబెట్టడానికి గంగాధరరావుగారు ఇన్నేళ్ళు పంటి ఎక్కి దిగారో, ఆ పేరు ఇవాళ దేవుడి ముందు నుంచి లేచిపోతోంది. ఆఫీసువారి ఆర్డరులో వెదుళ్ళపాటి అనే ఉంది. కాదు పొమ్మనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అల్లుడి ముఖంలోకి చూస్తే, ఎప్పుడూ చూడని ఆ అచ్చన్న అక్కడ కూర్చుని, అడిగితే చెబుదామని ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. మంగమ్మ అడగలేదు. తను పదమూడేళ్ళ నుంచీ అడగలేదు. ఆయనకు దుఃఖం వచ్చింది. అది ఎవరి కోసమో ఆయనకే తెలియలేదు.

"అలాగే చదవండి," అన్నారు.

గౌరీశంకరంగారు గొంతు సర్దుకున్నారు. "మరి గోత్రం?" అని, అలవాటు కొద్దీ గంగాధరరావుగారి వంకే చూశారు.

పెళ్ళిలో విన్నదే. గుర్తు పెట్టుకోలేదు. మంటపంలో నాలుగు స్తంభాలున్నాయి గానీ గంగాధరరావుగారు ఏ స్తంభం వంకా చూడలేదు. అల్లుడి పక్కన కూర్చుని, అతని చెవి దగ్గరికి వంగి అడిగారు.

"మీదేం గోత్రమండీ?"